హనోయ్ నుంచి ఫిల్టరు, అరకు నుంచి పొడి

ఎప్పుడూ నీమాస్త్రం, కషాయాల గురించి చెప్పే నేను ఈసారి కాఫీ కషాయం గురించి చెబుతున్నాను.

పోయిన ఏడాది వియత్నాం వెళ్లాను. హనోయ్‌లో ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూలేసి కూర్చోబెట్టారు. గ్లాసు అడుగున కండెన్స్‌డ్ మిల్క్, గ్లాసు మీద ‘ఫిన్’ అనే బుల్లి రేకు ఫిల్టరు. చుక్క చుక్కగా డికాషన్ దిగేదాకా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. తర్వాత కలిపి ఐసు మీద పోసుకోవడమే. ఫ్రెంచివాళ్ల కాలంలో తాజా పాలు దొరక్క డబ్బా పాలు మొదలయ్యాయి, అవే నిలిచిపోయాయి. ఆ చిక్కదనం నాకు తెగ నచ్చేసింది.

ఒక ఫిన్, అర కిలో పొడి కొనుక్కొచ్చా. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో కాఫీ షాపులకు కొదవ లేదు, అయినా ఫిల్మ్ నగర్‌లోని మా ఇంట్లో పొద్దున్నే నేనే పెట్టుకుంటున్నాను. మా అమ్మకు నచ్చలేదు. "ఒక్క గ్లాసుకి ఐదు నిమిషాలా? ఇంటికి పదిమంది వస్తే ఏం చేస్తావురా?" అని తన ఇత్తడి ఫిల్టరే వాడుతోంది.

పొడి అయిపోవస్తుంటే ఇది ఎలా పండిందో అని ఆరా తీశాను. కాఫీ పంటలో బ్రెజిల్ తర్వాత వియత్నామే. అందులో ఎక్కువ భాగం రోబస్టా, ఆ చేదు, చిక్కదనం దానివే. మధ్య ఎత్తు ప్రాంతాల్లో చాలా తోటలు నీడచెట్లు లేని ఒకే పంట. రసాయన ఎరువులు దండిగా వేస్తారు, ఎండాకాలం బోర్లతో తడులు పెడతారు. భూగర్భజలం పడిపోవడం అక్కడ పెద్ద సమస్య. మన బోర్లు ఎండిన కథే కదా! నేను ఇష్టంగా తాగింది అలాంటి పంటను.

అందుకే అరకు పొడి వేసి చూశా. అక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి, అరబికా పండిస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఉన్నమాట చెప్పాలి, మొదటి గ్లాసు తీపి పాలలాగే ఉంది. అరబికా సున్నితం, డబ్బా పాల కింద మునిగిపోయింది.

ఇప్పుడు సగం అరకు, సగం కొడగు రోబస్టా, రెండూ బాగా నల్లగా వేయించినవి కలుపుతున్నాను. కొడగులోనూ రోబస్టా నీడలోనే పండుతుంది. నీడ ఉన్నంత మాత్రాన మందులు కొట్టలేదని కాదు, అది అమ్మేవాళ్లను అడగాల్సిందే. ఇరవై గ్రాముల పొడి, కాస్త బరకగా. ముందు రెండు చెంచాల వేడి నీళ్లు పోసి అర నిమిషం ఆగి, తర్వాత వంద మిల్లీలీటర్లు పోయాలి. మూడు నిమిషాల్లోపే దిగిపోతే పొడి మరీ బరకైనట్టు. డబ్బా పాలు ఒక్క చెంచాకు తగ్గించా. వీడియోలో ధార చూస్తే తెలుస్తుంది.

మిగిలిన పిప్పిని నేరుగా కుండీలో మందంగా పోయకండి. పైన అట్టకట్టి నీరు దిగనివ్వదు. మేడ మీద ఒక వంగ మొక్కను అలాగే పోగొట్టుకున్నాను. ఎండుటాకులతో కలిపి కంపోస్టు డబ్బాలో వేస్తే చాలు, వానపాములు చూసుకుంటాయి.