ఐసుముక్కతో సమస్యాపూరణం

గ్లాసులో ఐసుముక్క వేసి అటూఇటూ కదిపితే ఏం సద్దు వస్తుంది? ‘గలగల’ అని రాసేసి ఊరుకుంటాం. ఆ గలగల తప్ప ఇంకేమీ వాడకుండా, వీణ లేకుండా, మృదంగం లేకుండా, నాలుగైదు రోజుల్లో ఒక సంగీత రచన చేయమంటే ఏం చేస్తారు? నేను ఈ జనవరిలో ఆ పని చేశాను. నాకు పాట రాదని మన క్లాసులో అందరికీ తెలుసు. అందుకే అసలు సంగతేమిటో మొదటినుంచీ చెబుతాను.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో మార్క్ వైడెన్‌బామ్ అనే రచయిత ఉన్నారు. శబ్దం గురించి, ఎలక్ట్రానిక్ సంగీతం గురించి రాస్తుంటారు. 2012 జనవరిలో ఆయన ఇంటర్నెట్ మీద ‘డిస్‌క్వైట్ జుంటో’ అనే సంగీత బృందాన్ని మొదలుపెట్టారు. ప్రతి గురువారం ఒక చిన్న సూచన వస్తుంది. ఇష్టమున్నవాళ్లు సోమవారం అర్ధరాత్రిలోపు ఆ సూచన ప్రకారం ఏదో ఒకటి తయారుచేసి మిగతావాళ్లకు వినిపిస్తారు. పోటీ కాదు. బహుమతి లేదు, మార్కులు లేవు. ఒక వారం చేసి తరవాత మానేసినా ఎవరూ అడగరు. ఇలా వచ్చిన సూచనలు ఐదువందలు ఎప్పుడో దాటాయి.

‘జుంటో’ అన్న పేరు ఆయన సొంతం కాదు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొందరు స్నేహితులతో పెట్టుకున్న చిన్న సంఘం పేరది. వాళ్లు శుక్రవారం సాయంత్రాలు కలుసుకుని, ఒక ప్రశ్న ముందు పెట్టుకుని చర్చించుకునేవారు. ఒకరి వల్ల ఒకరు నేర్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ పద్ధతే ఇక్కడికి వచ్చింది. ప్రశ్నకు బదులు సూచన, చర్చకు బదులు శబ్దం.

2012లో మొట్టమొదటి సూచనే ఈ ఐసుముక్క. ప్రతి సంవత్సరం మొదట్లో మళ్లీ అదే ఇస్తారు, కొత్తగా చేరేవాళ్లకు అదొక గుమ్మంలాంటిది. రెండో వారం ఇచ్చినవి రెండు శబ్దాలు. ఒకటి పొగమంచులో ఓడలను హెచ్చరించే హారన్, రెండోది రైలు కూత. ఆ రెండింటితోనే ఒక యుగళం కట్టాలి.

ఇది చదివినప్పుడు నాకు మన అవధానం పాఠం గుర్తొచ్చింది. ఆలోచించి చూడండి. దత్తపదిలో పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు పదాలు ఇచ్చి, వాటితో పద్యం చెప్పమంటాడు. ఓడ హారన్, రైలు కూత ఇచ్చి రచన చేయమనడం దత్తపది కాదా? నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతూ ఉంటే పృచ్ఛకుడు తరవాతి అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. ఐసుముక్క తప్ప మిగతా శబ్దాలన్నీ నిషిద్ధం అంటే అదీ అలాంటిదే. ఇక సమస్య సంగతి సరే సరి. అర్థంలేనట్టు, ఒక్కోసారి తప్పుగా కూడా కనిపించే ఒక పాదం ఇస్తారు, మిగతా పాదాలతో అవధాని దానికి అర్థం కల్పించాలి. అష్టావధానంలో గంట కొట్టే అంశం కూడా ఉంది. ఇన్ని పనుల మధ్య మోగిన గంటలు ఎన్నో అవధాని లెక్కపెట్టుకుంటూ ఉండాలి. అంటే చెవి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

తేడా కూడా ఉంది. అవధానికి ఛందస్సు రావాలి, ధారణ ఉండాలి, ఏళ్ల సాధన కావాలి. జుంటోలో అవేమీ అడగరు. ఫోను ఉంటే చాలు. కానీ రెండింటిలోనూ పనిచేసేది ఒకటే సూత్రం అని నాకనిపిస్తుంది: హద్దు గీస్తే మనసు కదులుతుంది. ‘ఏదైనా రాయండి’ అని మేడం అంటే మనం అరగంట పెన్ను కొరుకుతూ కూర్చుంటాం. ‘ఈ వాక్యంతో మొదలుపెట్టి పది వాక్యాలు రాయండి’ అంటే వెంటనే రాస్తాం. అదే ఇదీ.

పెద్ద సంగీతకారులకు కూడా ఈ ఇబ్బంది ఉంది. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి 1975లో ‘ఆబ్లిక్ స్ట్రాటజీస్’ అనే కార్డుల పెట్టె తెచ్చారు. వందకు పైగా కార్డులు, ఒక్కోదాని మీద ఒక పొట్టి సలహా. స్టూడియోలో పని ముందుకు సాగనప్పుడు ఒక కార్డు తీసి అది చెప్పినట్టు చేయాలి. అందులో ఒక కార్డు, నువ్వు చేసిన తప్పును నీకే తెలియని నీ ఉద్దేశం అనుకుని గౌరవించమంటుంది. ఈ కార్డు నాకు తరవాత పనికొచ్చింది.

ఇప్పుడు నా ఐసుముక్క.

మా ఇంట్లో తాగేదంతా స్టీలు లోటాల్లోనే. మొదట లోటాలోనే ఐసు వేసి కదిపాను. ‘ఖణఖణ’మని పాత్రల కొట్టులా మోగింది. కానీ సూచనలో గ్లాసు అని స్పష్టంగా ఉంది. నాయన టీ తాగే గాజుగ్లాసు తీసుకుని, ఫోను పక్కన పెట్టి మళ్లీ చేశాను. ఈసారి సద్దు సన్నగా, మెత్తగా వచ్చింది. ఐసు కరిగేకొద్దీ ఆ సద్దు మారుతుందని కూడా అప్పుడే గమనించాను. మొదటి నిమిషంలో ముక్క గాజుకు గట్టిగా తగులుతుంది. చివర్లో నీళ్లలో తేలుతూ ఊరికే రాసుకుంటుంది.

తరవాత ఆ రికార్డింగును కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తెరిచాను. అది ఉచితంగానే దొరుకుతుంది. అందులో నేను చేసినవి రెండే పనులు. ఒకటి, లూప్. అంటే ఒక చిన్న ముక్క కత్తిరించి, అది మళ్లీమళ్లీ తిరిగేలా చేయడం. ఇది కొత్త విద్య ఏమీ కాదు. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షేఫర్ స్టేషనుకు వెళ్లి రైలింజన్ల శబ్దాలు రికార్డు చేసుకొచ్చి, వాటితోనే ఒక రచన చేశాడు. ఆ సంవత్సరం అక్టోబరు 5న అది రేడియోలో వచ్చింది. రికార్డు మీద గాడి ముందుకు పోకుండా తనలోకే మూసుకునేలా చేస్తే, ముల్లు అక్కడే తిరుగుతూ అదే శబ్దాన్ని పలుకుతూ ఉంటుంది. అదే మన లూప్‌కు పాత రూపం.

రెండోది, వేగం తగ్గించడం. శబ్దాన్ని సగం వేగంతో వినిపిస్తే అది సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. పై షడ్జమం మధ్య షడ్జమం అవుతుందన్నమాట. మళ్లీ సగం చేస్తే ఇంకో స్థాయి. నేను మూడుసార్లు సగం చేశాను. గలగల కాస్తా గుడగుడ అయింది. ఏదో బరువైనది నేల మీద దొర్లుతున్నట్టు ఉంది.

ఇక తప్పు సంగతి. నేను రికార్డు చేసినప్పుడు వంటింట్లో అమ్మ ఇడ్లీకి పిండి వేసి గ్రైండరు ఆన్ చేసింది. కోయంబత్తూరు ఇల్లు, గ్రైండరు మోగకుండా ఉంటుందా! ఐసు సద్దు వెనకాల ఆ ‘హుమ్మ్’ అంతటా ఉంది. తుడిచేద్దామని చాలాసేపు చూశాను. అప్పుడు ఈనో కార్డు గుర్తొచ్చి వదిలేశాను. చివరికి విని చూస్తే, ఐసు ఆగిన చోటల్లా ఆ హుమ్మ్ తంబూరా శ్రుతిలా నిలబడి ఉంది.

నా స్నేహితురాలు విని, ‘ఇది సంగీతమేనా?’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇదే ప్రశ్న 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో కూడా వచ్చింది. జాన్ కేజ్ రాసిన ఒక రచనను డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని ప్రదర్శించాడు. మూడు భాగాలు, నాలుగు నిమిషాల ముప్పైమూడు సెకన్లు. ఒక్క స్వరం కూడా వాయించలేదు. జనంలో చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆ సమయంలో బయట గాలి ఉంది, కప్పు మీద వాన చినుకులు ఉన్నాయి, జనం గొణుగుడు ఉంది. అవి వినమనే కేజ్ ఉద్దేశం. నేను నా స్నేహితురాలికి చెప్పింది ఇంతే: నాది గొప్ప సంగీతం కాదు, కానీ ఇది చేశాక నేను వినడం మారింది. జుంటోలో వచ్చేవి కూడా అన్నీ బాగుంటాయని కాదు. కొన్ని విసుగ్గానే ఉంటాయి. అయినా ఒకే ఐసుముక్కతో ఒకరు తాళం కట్టడం, ఇంకొకరు గుడిగంటలా మోగించడం వింటుంటే ఒకే సమస్యకు పది పూరణలు విన్నట్టుంటుంది.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి మా క్లాసంతా బృందగానం. రెండు రోజులు ప్రాక్టీసయ్యాక టీచరు నన్ను చివరి వరసలోకి పంపి, ‘నువ్వు పెదాలు కదిపితే చాలు’ అన్నారు. స్టేజీ మీద అలాగే పెదాలు కదిపాను. ఆ రోజునుంచి బాత్రూములో కూడా పాడలేదు. సంగీతం అంటే గొంతున్నవాళ్ల సొత్తు అని ఒప్పేసుకున్నాను. గొంతు అడగని ఈ సూచన రాకపోతే ఇంకా అలాగే ఉండేదాన్ని.

నా ఐసు రచనను మా అవ్వకు వినిపించాను. అమ్మతో నాకు తమిళం, అవ్వతో తెలుగు. ఇంట్లో తెలుగు ఇప్పుడు మిగిలింది ముఖ్యంగా ఆమె దగ్గరే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కొంచెంసేపు విని, ‘ఇది మన రుబ్బురోలు సద్దు గదే’ అంది. ఐసు అని చెప్తే నమ్మలేదు. పెరట్లో గ్రైండరు వచ్చినప్పటినుంచీ బోర్లించిన బకెట్లకు పీటగా పడి ఉన్న రోలు చూపించి, ‘అది తిరిగితే ఇట్లనే ఉండును’ అంది. తరవాత తనంతట తానే, రుబ్బేటప్పుడు పాడేదాన్నని చెప్పింది. నాకు పంతొమ్మిదేళ్లు. అవ్వ పాడుతుందని ఆ రోజుదాకా నాకు తెలియదు.

మర్నాడు బకెట్లు తీసి రోలు కడిగాను. మోకాళ్ల నొప్పి వల్ల అవ్వ కింద కూర్చోలేదు. నేను పొత్రం తిప్పాను, అవ్వ కుర్చీలో కూర్చుని కూనిరాగం తీసింది. మాటలు చాలావరకు మరిచిపోయింది. మాట గుర్తురాని చోట ‘ఊఁ ఊఁ’ అంటూ బాణీ మాత్రం పట్టుకుని పోయింది. మూడు నిమిషాలు రికార్డు చేశాను. రెండోసారి తీసేటప్పుడు ‘నువ్వు కూడా అను’ అంది. నాకు పాట రాదవ్వా అన్నాను. ‘రోలు ముందర ఎవరికి రావాలే?’ అంది. అన్నాను. ఆ రికార్డింగులో నా గొంతు కూడా ఉంది. వేగం మార్చలేదు, లూప్ చేయలేదు. అది జుంటోకు పంపలేదు, దాచుకున్నాను.

మనలో చాలామంది ఇళ్లలో రెండు భాషలున్నాయి. తెలుగు రాయడం ఇక్కడికొచ్చి నేర్చుకున్నవాళ్లమే ఎక్కువ. మన ఇళ్ల తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు, అది సద్దుగానే ఉంది. అందుకని మన విభాగానికి నా తరఫున ఒక సమస్య ఇస్తున్నాను.

ఈ గురువారం నుంచి సోమవారం లోపు మీ ఇంట్లో ఒక్క నిమిషం సద్దు రికార్డు చేయండి. నిబంధనలు మూడే. ఒకటి, ఇంకో పదేళ్లకు ఆ సద్దు మీ ఇంట్లో ఉండదని మీకు అనిపించాలి. రెండు, అందులో ఒక తెలుగు మాటైనా వినపడాలి, పిలుపైనా సరే, తిట్టైనా సరే. మూడు, వెనకాల వచ్చే టీవీని, బస్సు హారన్ని, గ్రైండరును తుడిచేయకూడదు. మంగళవారం మధ్యాహ్నం భోజనం తరవాత మన క్లాసురూములో అన్నీ కలిపి విందాం. పాట రానివాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.