మందు బిళ్ళ ఖర్చు, నీళ్ళ ఖర్చు



మన బీదరులో హైదరాబాదు బస్సెక్కితే జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు వస్తుంది. ఇరవై ముప్పై ఏళ్ళ క్రితం ఆ దారిన తిరిగినవారికి ఒక సంగతి తప్పక గుర్తుంటుంది. అక్కడికి రాగానే నిద్రపోతున్న ప్రయాణికుడు కూడా లేచి కిటికీ అద్దం మూసేవాడు. ఊరు వచ్చిందని కండక్టరు చెప్పనక్కరలేదు, ముక్కే చెప్పేది.

ఈ మాట నేను మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ళ నాయన ఊరి బయట ఒక రసాయన కంపెనీలో కూలికి పోతాడు. "సార్, అట్ల వాసనొచ్చే కంపెనీలన్నీ బంద్ చేస్తే మా నాయన పనికి ఎక్కడికి పోవాలె?" అని అడిగాడు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. "కూర్చో, తర్వాత చెప్తా" అన్నాను. ఉపాధ్యాయుడికి జవాబు తెలియనప్పుడు చెప్పే మాట అది. ఆ బాకీ ఈ ప్రసంగంలో కొంతైనా తీర్చుకోవాలని నా ప్రయత్నం.

రసాయన విద్య మన ఊరికి కొత్తదేమీ కాదు. బిద్రీ పనే తీసుకోండి. ఎక్కువ పాళ్ళు జింకు, కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. వెండి తీగ పొదుగుతారు. పాత కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వెండి ముక్క నేల మీద పడితే ఏ పనివాడూ ఊడ్చి పారేయడు. దానికి ధర ఉంది గనుక ఏరుకుంటాడు. కడిగిన నీళ్ళు మాత్రం పారబోస్తాడు, వాటికి ధర లేదు గనుక. పెద్ద పరిశ్రమల గొడవంతా ఈ చిన్న తేడాలోనే ఉంది.

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక తేలికైన లెక్క చెప్పారు. ఒక కిలో సరుకు తయారయ్యేసరికి ఎన్ని కిలోల చెత్త మిగులుతోంది? ముడి చమురు శుద్ధి చేసే కర్మాగారంలో కిలోకు నూరు గ్రాములు కూడా ఉండదు. పెద్ద ఎత్తున తయారయ్యే మామూలు రసాయనాలకు కిలో కంటే తక్కువ నుంచి ఐదు కిలోల దాకా ఉంటుంది. మందుల తయారీకి వస్తే ఇరవై ఐదు నుంచి నూరు కిలోలు, ఒక్కోసారి అంతకు మించి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మందు ఒక్క వంటలో తయారయ్యేది కాదు, ఐదారు మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా ద్రావకంలో కరిగించాలి, కడగాలి, వడబోయాలి, మళ్ళీ కరిగించాలి. చేతికి వచ్చేది గుప్పెడు పొడి, కాలువలో పోయేది డ్రమ్ముల కొద్దీ నీళ్ళు. జ్వరానికి మనం రూపాయి రెండు రూపాయలు పెట్టి కొనే బిళ్ళ వెనక ఇంత కథ ఉంది.

మరి మెట్లు తగ్గించలేమా? తగ్గించవచ్చు, తగ్గించారు కూడా. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్ మందును ఇంగ్లండులోని బూట్స్ కంపెనీ 1960ల నుంచి ఆరు మెట్లలో తయారు చేసేది. వాడిన పదార్థంలో దాదాపు నలభై శాతమే మందుగా మారేది, మిగతాది చెత్త. 1992లో అమెరికాలో మూడు మెట్ల పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో డెబ్బై ఏడు శాతం మందుగా మారుతుంది. వెంట వచ్చే ఎసిటిక్ ఆమ్లాన్ని కూడా పట్టుకుని వాడుకుంటే దాదాపు వృథా లేనట్టే. ఆ కంపెనీవాళ్ళు ఈ పని పుణ్యం కోసం చేయలేదు. మెట్లు తగ్గితే యంత్రాలు, ఆవిరి, ముడిసరుకు అన్నీ తగ్గుతాయి, లాభం పెరుగుతుంది. అయితే ఆ పద్ధతిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడతారు, అది ఒంటిమీద పడితే ప్రాణం తీయగల పదార్థం. దాన్ని బయటకు పోనీయకుండా తిప్పి తిప్పి వాడతారు, అదే అక్కడి జాగ్రత్త. ఏ మేలైనా ఒక కొత్త జాగ్రత్తను వెంట తెస్తుందని నేను పిల్లలకు చెబుతుంటాను.

ఇప్పుడు పటాన్‌చెరుకు వద్దాం. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ వెలిసింది. వెనుకబడిన మెదక్ జిల్లాకు ఉద్యోగాలు రావాలన్నది ఉద్దేశం, తప్పు పట్టలేం. హైదరాబాదులో ప్రభుత్వ రంగ ఐ.డి.పి.ఎల్. కర్మాగారం మందుల తయారీ తెలిసినవారిని తయారు చేసింది. వారిలో కొందరు సొంత యూనిట్లు పెట్టుకున్నారు. దేశంలో మందుల ధరలు తగ్గాయి, ఎగుమతులు పెరిగాయి. ఇవన్నీ నిజాలే. నక్కవాగు పక్కన ఉన్న పల్లెల్లో బావి నీళ్ళు రంగు మారడం, పంటలు పోవడం, పశువులు ఆ నీళ్ళు తాగి జబ్బు పడటం, ఇవీ నిజాలే. నక్కవాగు వెళ్ళి కలిసేది మన మంజీరలోనే. ఆ పల్లెల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు ఏళ్ళ తరబడి దాని వెంట తిరిగారు.

చిన్న కంపెనీ ఒక్కటే సొంతంగా శుద్ధి యంత్రాలు పెట్టుకోలేదు. అందరూ కలిసి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు కదా? 1990లలో అలాగే పెట్టారు. కంపెనీల నుంచి ట్యాంకర్లలో మురికి నీళ్ళు అక్కడికి చేరేవి. ఆలోచన మంచిదే, కానీ లోపలి మెలిక చూడండి. ఇటువంటి కేంద్రంలో మురికిని తినేది సూక్ష్మజీవులు. వచ్చే నీళ్ళలో ఉన్నదేమో సూక్ష్మజీవులను చంపే మందు! 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రంలో శుద్ధి అయి బయటకు వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోజుకు బయటకు పోయే మందు లెక్క వేస్తే దాదాపు 45 కిలోలు. అంటే స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత మందు ఒక్క రోజులో కాలువ పాలు. అందులో చావకుండా మిగిలే క్రిములు ఆ మందుకు లొంగని క్రిములు. అవి పటాన్‌చెరులోనే ఉండిపోవు. బస్సెక్కి మన ఊరికీ వస్తాయి, విమానమెక్కి స్వీడన్‌కూ పోతాయి.

ఇంత జరిగాక ఎంత మందు నీళ్ళలోకి పోవచ్చో హద్దు పెట్టాలని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నూటికి పైగా యాంటీబయాటిక్‌లకు ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ హద్దులు కనిపించలేదు. ఖర్చు భరించలేమని పరిశ్రమవారు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మురికి నీటిని మరిగించి ఆవిరి చేసి, ఉప్పును విడదీసే యంత్రాలకు బొగ్గు కావాలి, మిగిలిన ఉప్పును దాచడానికి చోటు కావాలి. కానీ ఆ ఖర్చు కంపెనీ పెట్టకపోతే మాయమైపోదు. బావి ఎండగట్టుకున్న రైతు పెడతాడు, ఆసుపత్రి బిల్లులో రోగి పెడతాడు. వారి చిట్టా ఎవరూ కంపెనీ లెక్కల పుస్తకంలో రాయరు, అంతే.

మన బీదరు సంగతి ఇంకా సున్నితం. మన పీఠభూమి ఎర్ర జంబిట్టు రాయి. అది జల్లెడ వంటిది. వాన నీరు చకచకా లోపలికి దిగి, కింద బంకమట్టి తగిలినచోట ఊటగా బయటపడుతుంది. నరసింహ ఝరణి, గురునానక్ ఝీరా, పాపనాశం ఊటలన్నీ ఆ రాయి పుణ్యమే. బహమనీల కాలంలో నౌబాద్ దగ్గర భూగర్భ కరేజ్ తవ్వినవారు ఈ గుణం తెలిసే తవ్వారు. మంచి నీటిని అంత త్వరగా మింగే నేల మురికినీ అంతే త్వరగా మింగుతుంది. పైన నేల పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది, కింద బావి పాడవుతుంది. పైగా మన వాగుల నీరు మంజీరలో కలిసి సింగూరు జలాశయానికి పోతుంది. దశాబ్దాలుగా హైదరాబాదుకు తాగునీరిచ్చిన జలాశయం అది. పటాన్‌చెరు మురికి మన దాకా ఎదురెక్కి రాదు గాని, మన మురికి వాళ్ళ బిందెలోకి పోగలదు.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న. కంపెనీ బంద్ చేయడం, ఇష్టం వచ్చినట్టు నడపనివ్వడం అని రెండే దారులున్నట్టు మనం వాదించుకుంటాం. ద్రావకాన్ని ఆవిరిలో పోనీయకుండా చల్లబరిచి తిరిగి పట్టుకునే కంపెనీకి ద్రావకం కొనే ఖర్చు తగ్గుతుంది. అందులో పనిచేసే కూలి ముక్కులోకి పోయేదీ తగ్గుతుంది. చిక్కటి మురికిని, పలుచటి కడుగునీళ్ళను మొదటే వేరు చేస్తే శుద్ధి ఖర్చు దిగుతుంది. ఈ పనులకు మనుషులు కావాలి, వాళ్ళ నాయనకు పని పోదు. లెక్క కుదరనిది ఒక్క రకం కంపెనీకే. రాత్రిపూట ట్యాంకరు వాగులో వదిలితేనే లాభం వచ్చే కంపెనీ అది. అటువంటిది ఎన్నాళ్ళు నడిచినా వాళ్ళ నాయనకు జీతం ఒక చేత్తో ఇచ్చి, మందుల చీటీ రెండో చేత్తో ఇస్తుంది. దాన్ని కాపాడాలని నేను చెప్పలేను.

పల్లెల్లో ఉన్న శ్రోతలకు ఒక మాట. మీ దగ్గర కొత్త యూనిట్ వస్తోందని వింటే అది రాకముందే మీ బావి నీళ్ళు పరీక్ష చేయించి, ఆ కాగితం దాచండి. తర్వాత "ముందు నుంచీ మీ నీళ్ళు ఇంతే" అంటే చూపించడానికి అదొక్కటే ఆధారం. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీరు లేనప్పుడు 2000 దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణం. లవణాలను చూపే చిన్న మీటరు ద్రావకాలనూ మందులనూ చూపదు, వాటికి ప్రయోగశాల పరీక్షే కావాలి.

మా బడిలో అటువంటి మీటరు ఒకటి ఉంది. మొన్న ఆ పిల్లవాడు వాళ్ళ ఇంటి బోరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చాడు. తేదీ వేసి నోటుబుక్కులో అంకె రాసుకున్నాం. వానలు వెనకపట్టాక మళ్ళీ తెమ్మన్నాను.