ఆమె ఆగినప్పుడు అందించకండి

నిజామాబాద్ వైపు ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల జీవితకథలు రికార్డు చేస్తుంటాను. వెయ్యి బీడీలకు కూలి ఎంత, ఆకు ఎవరిస్తారు, పీఎఫ్ ఉందా అంటే జవాబులు టకటకా వస్తాయి. "నీ పెండ్లి ఎట్లయింది అవ్వా?" అని ఒకామెను అడిగాను. చేతులు ఆగలేదు, మాట ఆగింది. చుట్టిన బీడీ మూతి మడిచి, దారం కట్టి, చాటలో వేసి అప్పుడంది: "చూడొచ్చినోళ్లు నా మొఖం సూడలే బిడ్డా, నా చేతులు సూసిండ్రు. దినాం వెయ్యి సుడుతదా అని అడిగిండ్రు."

మధ్యలో నేను ఇంకో ప్రశ్న వేసుంటే ఈ మాట దొరికేది కాదు. అంకెలు పోగుచేసే సర్వే వేరు, మనిషి అనుభవాన్ని ఆ మనిషి నోటే వినే గుణాత్మక పరిశోధన వేరు. ఈ రెండోదానికి ఓపికే పెట్టుబడి.

ఆ ఓపిక పట్టడం కష్టం. పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం కొలిచి 2009లో ప్రచురించిన అధ్యయనంలో అది సగటున సెకనులో అయిదో వంతుగా తేలింది. అంత వేగానికి అలవాటుపడ్డ మనకు మూడు సెకన్లు గడిస్తే ఊపిరాడదు. "కష్టంగా ఉండేదా?" అని మనమే అందిస్తాం. ఆమె "ఆఁ" అంటుంది. ఆ కథ అక్కడితో పోయినట్టే. అమెరికన్ జీవితచరిత్రకారుడు రాబర్ట్ కారో ఇంటర్వ్యూల్లో తనను తాను ఆపుకోవడానికి 'నోరు మూసుకో' అనే అర్థంలో రెండు పొడి అక్షరాలు నోట్‌బుక్‌లో రాసుకుంటాడట. 2019లో వచ్చిన 'వర్కింగ్' పుస్తకంలో ఆయనే చెప్పాడు.

అలాగని మౌనాన్ని ఉచ్చులా వాడటం అన్యాయం. గడపలో అత్త నిలబడితే కోడలు ఆగుతుంది. చెప్పడం ఇష్టం లేకా ఆగుతుంది. చూపు ఎక్కడికో పోతే జ్ఞాపకం వెతుక్కుంటోందని ఎదురుచూస్తాను. చూపు రికార్డర్ మీద పడితే దాన్ని కట్టేస్తాను. ఎంత విలువైన సమాచారమైనా ఆమె ఇష్టాన్ని మించింది కాదు.

రాతలోకి ఎక్కించేటప్పుడు ఈ విరామాలను ఎగరగొట్టకూడదు. సంభాషణలను విశ్లేషించిన పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ రూపొందించిన పద్ధతిలో వాటిని సెకనులో పదో వంతు దాకా గుర్తిస్తారు. ఆమె ఎక్కడ ఆగిందో, అప్పుడు ఇంట్లో ఎవరున్నారో నేను రాస్తాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల కథ ఫోన్‌లో రికార్డు చేస్తుంటే, వాళ్లు ఆగినప్పుడు మాట అందించకండి. ఎంతకీ చెప్పకపోతే ఫోన్ పక్కన పెట్టి, వాళ్ల దగ్గరే కాసేపు కూర్చోండి.