బట్టమేక పిట్ట పేరు మీద

మీ ఇంట్లో ఎక్కడో ఒక షోలాపూర్ చాదర్ ఉండే ఉంటుంది. పెట్టె బరువు మించుతుందని మీరు వద్దన్నా నానమ్మ మడతపెట్టి సర్దిన చాదర్. అది నేసిన సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, దత్త నగర్ వీధులు మీకు కొంత తెలుసు. బయట మరాఠీ, గడప లోపల తెలుగు. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు పోతే నాన్నజ్ వస్తుంది. విదేశాల నుంచి సెలవులకు వచ్చినవాళ్ళలో చాలామంది అది చూడకుండానే వెళ్ళిపోతారు.

నాన్నజ్‌లో పెద్ద అడవి ఉండదు. గడ్డి, రాతి నేల, కృష్ణజింకలు, తోడేళ్ళు. మాళ్‌ఢోక్ పక్షి కోసం 1979లో ఈ బీళ్ళను అభయారణ్యం చేశారు. తెలుగులో దాని పేరు బట్టమేక పిట్ట. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో దానికి ఇంకో అభయారణ్యం ఉంది. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేల మీద. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు కాబట్టి కరెంటు తీగలకు తగిలి చనిపోతుంది. బీళ్ళలో చెరకు వచ్చింది, తీగలు వచ్చాయి. ఇప్పుడు దేశమంతా వెతికినా ఈ పక్షులు రెండు వందలు లేవు. నాన్నజ్‌లో ఒక్కటి కనబడటమే గగనం.

సొంతూరి ప్రకృతికి ఏమైనా చేయాలనుకున్నప్పుడు అందరికీ ముందుగా తోచేది మొక్కలు నాటించడం. వీధిలో నాటించండి, బడిలో నాటించండి. గడ్డినేలలో మాత్రం వద్దు. చెట్లు మూసేసిన చోట బట్టమేక నిలవదు. బీడును బీడుగా ఉంచడానికే డబ్బు కావాలి, ఈ మాట నేను గట్టిగా చెబుతాను.

ఈ సంగతులు చూడటం మనకు నేర్పిన మనిషి మన షోలాపూర్‌లోనే పుట్టారు. మారుతి చితంపల్లి, 1932 నవంబరు 5న, తెలుగు మాట్లాడే కుటుంబంలో. 36 ఏళ్ళు అటవీశాఖలో పనిచేశారు, మరాఠీలో పక్షికోశం రాశారు. కొంగలు గుంపుగా గూళ్ళు కట్టే చోటుకు సారంగాగారం, కాకులు గూళ్ళు కట్టే చోటుకు కాకాగారం అని పేర్లు పెట్టారు. పేరు లేని చోటును కాపాడమని ఎవరిని అడుగుతాం? చివరి రోజుల్లో షోలాపూర్‌కే తిరిగొచ్చారు. 2025లో పద్మశ్రీ అందుకొని, అదే ఏడు జూన్ 18న ఇక్కడే కన్నుమూశారు. ఆయన మనకు వదిలిన ఆస్తి ఆ మాటలే.

మనమూ ఈ నేలకు ఏదో ఒకటి వదలాలి. మీకు పాతికేళ్ళు, వీలునామా మాట ఇప్పుడెందుకనిపిస్తుంది. కానీ మొదటి ఉద్యోగంలో చేరిన రోజే రిటైర్మెంట్ ఖాతా కాగితం మీద, మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి అని అడుగుతారు. అమ్మానాన్నల పేర్లు రాయండి. తర్వాత ఎప్పుడైనా వీలునామా రాసేటప్పుడు నూటికి రెండో మూడో ఈ గడ్డికి కేటాయించండి.

దారి మాత్రం ముందే తెలుసుకోవాలి. ప్రవాసులుగా మీరు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు. తాతల నుంచి వచ్చిన పొలం ఉంటే ఉంచుకోవచ్చు, అందులో ఒక చెక్కను దున్నకుండా వదిలేయవచ్చు. భారత పౌరులుగానే ఉంటే, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. మీరుంటున్న దేశపు పౌరసత్వం తీసుకున్నాక, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉందో లేదో ముందే అడగండి. 1883లో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1980లలోనే నాన్నజ్, రోళ్ళపాడు రెండు చోట్లా బట్టమేకను అధ్యయనం చేసింది. అలా ఈ నేల ఎరిగినవాళ్ళకే ఇవ్వండి. ఏ పనికి ఇస్తున్నారో వీలునామాలో విడమరిచి రాయించండి.

ఏటా నవంబరు 5 నుంచి 12 దాకా, చితంపల్లి పుట్టినరోజు నుంచి పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు దాకా, మహారాష్ట్రలో పక్షి వారం జరుపుతారు. దీపావళికి వచ్చినవాళ్ళు నాలుగు రోజులు ఆగండి. తెల్లవారకముందే నానమ్మను వెంటబెట్టుకొని నాన్నజ్ వెళ్ళండి. చాదర్ తీసుకెళ్ళండి, పొద్దున గాలి చల్లగా ఉంటుంది.