రాకకు తోరణములు, పోకకు తాళములు

పరదేశపు మూలధనము వచ్చునపుడు మంగళవాద్యములతో వచ్చును. పోవునపుడు చప్పుడు లేక పోవును. దాని రాకకు శంకుస్థాపనలును, మంత్రుల యుపన్యాసములును గలవు. దాని పోకకు సాక్షి గేటున కంటించిన యొక కాగితము. ఆ కాగితమును చదివి యింటికి మరలు పనివానికి ప్రభుత్వమువారు చేయవలసినదేమి, చేయుచున్నదేమి యని విచారించుట నేటి కర్తవ్యము.

ఇస్నాపూర్ వంటి యూరి కీ విచారణ దూరపుమాట గాదు. హైదరాబాదునుండి పడమరగా సాగు జాతీయరహదారి ప్రక్కను పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారము ఒకనాడు పంటపొలములు. 1970 దశకమునుండి యచట కర్మాగారములు వెలసినవి. పొలమమ్ముకొన్న రైతు గదులు కట్టి యద్దెకిచ్చుచున్నాడు. ఆ గదులలో బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు కాపురముందురు. కర్మాగారము మూతపడినచో ముందు కూలివాడు పస్తుండును. తరువాత దుకాణదారుని ఖాతాలో బాకీ పెరుగును. పిదప ఇంటియజమానుని గదికి తాళము పడును. కావున నిది కూలివాని గొడవ యని భూస్వామియు, వర్తకుడును ఊరకుండుటకు వీలులేదు.

మన పొరుగున జరిగినది చూతము. తమిళనాట శ్రీపెరుంబుదూరులో నోకియా సంస్థ 2006లో ఫోనుల తయారీ నారంభించి, వేలకొలది యువతీయువకులను పనిలోనికి దీసికొన్నది. పన్నుల వివాదమున నాస్తులు స్తంభింపగా, 2014 ఏప్రిలులో ఆ సంస్థ ఫోను వ్యాపారము మైక్రోసాఫ్టువారి హస్తగతమైనపుడు ఈ కర్మాగారము వెలుపలనే మిగిలిపోయినది. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన పని నిలిచినది. సర్కారునకును, సంస్థకును నడుమ వ్యాజ్యము. ఉద్యోగము పోయినది మాత్రము ఆ వ్యాజ్యముతో సంబంధము లేని పడుచులకు.

2021 సెప్టెంబరులో ఫోర్డు సంస్థ భారతదేశమున కార్ల తయారీ మానెదమని ప్రకటించినది. గుజరాతులోని సానంద్ కర్మాగారమును టాటావారు 725.7 కోట్ల రూపాయలకు గొనిరి. ఆ యొప్పందమున గుజరాతు ప్రభుత్వము గూడ నొక పక్షముగా నిలిచినది. అర్హులైన పనివారికి నూతన యజమానియొద్ద ఉద్యోగము లభించునట్లు షరతు కుదిరినది. చెన్నైలో నట్టి కొనుగోలుదారుడు దొరకలేదు. 2022లో కార్మికులు సమ్మె చేసి, బేరమాడి, చట్టము చెప్పినదానికంటె పెక్కురెట్లు పరిహారము సాధించిరి గాని పని నిలువలేదు. సంస్థ యొకటే; ఫలితములు రెండు. ప్రభుత్వము సకాలమున నడుమ నిలిచిన నేమి సాధ్యమో సానంద్ చూపినది.

మన రాష్ట్రమున సిర్పూరు కాగితపు మిల్లు స్వదేశీయమే యైనను, దాని కథ యిట్టిదే. 2014లో మూతపడి, ప్రభుత్వమువారి రాయితీలతో 2018లో జే.కే. పేపరు సంస్థ చేతికి వచ్చినది. పునరుద్ధరణ శ్లాఘ్యమే. కాని యా నాలుగేండ్లు కాగజ్‌నగరు కుటుంబము లేమి తిని బ్రదికినవని యడుగుట గూడ న్యాయమే గదా!

ఇక చట్టము సంగతి. మూసివేతకు పరిహారము పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము. పదేండ్లు శ్రమించినవానికి అయిదు మాసముల జీతము! పెద్ద కర్మాగారమును మూయుటకు ప్రభుత్వానుమతి కావలెనను నిబంధన 1976లో వచ్చినది. 1982 సవరణమున నూరుమంది పనివారున్న చోటికిని వర్తించిన యా నిబంధన, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతితో మరల మూడువందలకు చేరినది. అంతకు తక్కువమంది గల కర్మాగారమునకు అనుమతితో పనియే లేదు.

ఆ స్మృతిలోనే పనివారికి క్రొత్తవిద్య గరపుటకు ఒక నిధి గలదు. తొలగింపబడిన ప్రతివానికిని పదునైదు దినముల వేతనమును యజమాని దానికి జమకట్టవలెను. ఆలోచన మంచిది. కాని యది రిట్రెంచిమెంటునకు మాత్రమే యని చట్టము పలుకుచున్నది. మూసివేత వేరు, రిట్రెంచిమెంటు వేరని సుప్రీముకోర్టు 1956లోనే తీర్పు చెప్పియున్నది. అనగా పదిమందిని తొలగించినవాడు నిధికి చెల్లింపవలెను; వేయిమందిని వీధిపాలుజేసి గేటు మూసినవాడు తప్పించుకొనుటకు సందు గలదు!

ఈ.ఎస్.ఐ. సంస్థ 2005నుండి నిరుద్యోగభృతి నిచ్చుచున్నది. మూసివేతవలన పని పోయినవానికి మొదటి యేడు వేతనములో సగమును, రెండవయేడు పాతికవంతును లభించును. కాని యది బీమాలో చేరియుండి నిర్ణీతకాలము చందా చెల్లినవానికే. కాంట్రాక్టరు పట్టికలో పేరే లేనివానికి భృతి యెట్లు వచ్చును?

ఐరోపాలో నేమి జరిగినది? ఇదే నోకియా 2008లో జర్మనీలోని బోఖుం కర్మాగారమును మూసినపుడు సంస్థ ఇరువదికోట్ల యూరోల పరిహారప్రణాళిక కొప్పుకొన్నది. తరువాత ఐరోపా సమాఖ్య తన ప్రత్యేకనిధినుండి అచటి పనివారి శిక్షణమునకును, ఉద్యోగాన్వేషణమునకును ఏబదియైదులక్షలకు పైబడిన యూరోలొసగినది. సంస్థ పోయినను, రాజ్యము పనివాని చేయి విడువలేదు.

కఠిననిబంధనలు పెట్టిన పెట్టుబడి పారిపోవునని కొందరందురు. మన రాష్ట్రమున 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టము పెద్ద పరిశ్రమకు పదునైదు దినములలో అనుమతు లీయవలెనని గడువు విధించినది. వచ్చువానికి గడువు పెట్టగల ప్రభుత్వము, రోడ్డున పడినవాని భృతికి గడువు పెట్టజాలదా? భూమియు, రాయితీయు నిచ్చునాడే మూసివేత పరిహారమునకు బ్యాంకు హామీ కోరవలెను. కాంట్రాక్టు పనివాని పేరు ప్రధానయజమాని పుస్తకమున నుండవలెను. శిక్షణనిధి మూసివేతకు గూడ వర్తింపవలెను. మూయుటకు ముందే కొనుగోలుదారుని వెదకు బాధ్యతను పరిశ్రమలశాఖ స్వీకరింపవలెను.

ఇవి దానములు గావు. ప్రజల భూమిని, ప్రజల నీటిని, ప్రజల పన్నులను రాయితీగా గొన్న సంస్థనుండి ప్రజలు కోరు న్యాయమైన ప్రతిఫలము. సంగారెడ్డి జిల్లా శాసనసభ్యులు రాబోవు సమావేశములలో ఈ విషయమును ప్రస్తావింతురుగాక. ఇస్నాపూరు గృహస్థులును, వర్తకులును వారినందులకు కోరుదురుగాక.