కండల కారు: గుర్రాల బలం – మనుషుల శ్రమ

ఇంగ్లీషు సినిమాల్లో పొడవాటి ముక్కుతో, ఉరుముతూ దూసుకుపోయే పాత అమెరికన్ కార్లను మనమందరం చూసే ఉంటాం. వాటిని ‘మజిల్ కార్లు’ అంటారు. అంటే కండలు తిరిగిన కార్లని అర్థం. మన ఇళ్ళ ముందు కారు లేకపోవచ్చు. కానీ దాని ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా! అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఈ విషయాన్ని ఎంచుకున్నాం.

పుట్టుక: మజిల్ కారు సూత్రం చాలా సులువు. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజన్ పెట్టడమే. బరువు తక్కువ, బలం ఎక్కువ కనుక వేగం త్వరగా అందుకుంటుంది. 1964లో పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ ఒరవడి ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ ఉండరాదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం. పాంటియాక్ వారు 389 ఘనపు అంగుళాల ఇంజన్‌ను టెంపెస్ట్ అనే కారుకు అదనపు ప్యాకేజీగా చూపి ఆ నియమాన్ని దాటేశారు. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలూ పోటీకి దిగాయి. అలా 1970 మోడల్‌గా వచ్చిందే డాడ్జ్ ఛాలెంజర్.

పనితీరు: ఛాలెంజర్‌లో అత్యంత శక్తివంతమైన ఇంజన్ 426 హెమీ. ఇందులో ఇంధనం మండే గది అర్ధగోళాకారంలో ఉంటుంది. ఆ ఆకారం వల్ల పెద్ద వాల్వులను ఎదురెదురుగా అమర్చవచ్చు. గాలి, పెట్రోలు మిశ్రమం ధారాళంగా లోపలికి వస్తుంది, పొగ సులువుగా బయటికి పోతుంది. ఇంజన్ పరిమాణం 7 లీటర్లు, సిలిండర్లు 8. అంటే ఒక్కొక్క సిలిండర్ దాదాపు 870 సి.సి. మనకు తెలిసిన మారుతి 800 కారు మొత్తం ఇంజనే 796 సి.సి.! నిలబడి ఉన్న ఈ కారు 402 మీటర్లు, అంటే పావు మైలు, సుమారు 14 సెకండ్లలో దాటేది. లెక్క వేస్తే సగటు వేగం గంటకు 103 కిలోమీటర్లు.

అంకెల మర్మం: కంపెనీ చెప్పిన శక్తి 425 హార్స్ పవర్. ఇది ‘గ్రాస్’ లెక్క. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ వంటివి లేకుండా ఇంజన్‌ను విడిగా బల్లపై పరీక్షించి చెప్పినది. 1972 నుంచి అన్నీ బిగించి కొలిచే ‘నెట్’ లెక్క వాడుకలోకి వచ్చింది. కాబట్టి 1971, 1972 కార్ల అంకెలను నేరుగా పోల్చకూడదు. ఒక అంకె కనిపిస్తే, దాన్ని ఎలా కొలిచారని ముందుగా అడగాలి.

తయారుచేసిన చేతులు: ఛాలెంజర్లు ఎక్కువగా తయారైంది డెట్రాయిట్ మధ్యనున్న హామ్‌ట్రామ్క్ పట్టణంలోని ‘డాడ్జ్ మెయిన్’ కర్మాగారంలో. ఆ కారు రావడానికి ముందే, 1968 మే నెలలో అక్కడి కార్మికులు అసెంబ్లీ లైన్ వేగం పెంచడాన్ని వ్యతిరేకిస్తూ సమ్మె చేశారు. బరువైన, ప్రమాదకరమైన పనులు నల్లజాతి కార్మికులకు, సూపర్‌వైజర్ ఉద్యోగాలు ఎక్కువగా తెల్లవారికి దక్కేవి. దీన్ని ప్రశ్నిస్తూ నల్లజాతి కార్మికులు ‘డ్రమ్’ అనే సంఘం పెట్టుకున్నారు. కారు వేగాన్ని ప్రకటనలు చెప్పాయి. లైన్ వేగాన్ని మాత్రం కార్మికులే తమ కరపత్రాల్లో చెప్పుకోవలసి వచ్చింది.

ముగింపు దశ: 1970లో వాయు కాలుష్య చట్టం కఠినమైంది. బీమా ఖర్చు పెరిగింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. హెమీ 1971తోనే ఆగిపోగా, ఛాలెంజర్ 1974లో ఆగింది. 1980లో డాడ్జ్ మెయిన్ మూతపడింది. 2008లో అదే పేరుతో మళ్ళీ వచ్చిన పెట్రోలు ఛాలెంజర్ 2023 డిసెంబరులో సెలవు తీసుకుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ యంత్రాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేయండి: ఎలా పనిచేస్తుంది? ఆ అంకె ఎలా వచ్చింది? ఎవరు చేశారు? మొదటి రెండూ మన పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. మూడోది మనమే వెదకాలి. కూలి పనుల ఇళ్ళ నుంచి వచ్చిన మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?