బరోకు మందిరములలో మన అద్దకము

ఇటీవల నర్సీపట్టణమున కొందఱు సోదరీమణులు ఐరోపా చిత్రముల గ్రంథ మొకటి తిరుగవేయుచు, "ఈ బరోకు అనునది యేమి? మన కాంధ్రులకు దానితో సంబంధ మేమి?" అని మమ్మడిగిరి. మొదటి ప్రశ్నకు సమాధానము పెక్కు పుస్తకములలో దొరకును. రెండవదానికి దొరకుట యరుదు. కావున దానినే యిచ్చట నొకింత విస్తరించి వ్రాయుచున్నాము.

సుమారు 1600 మొదలు 1750 వఱకు ఐరోపాఖండమున వ్యాపించిన కళారీతికి బరోకు అని పేరు. గుండ్రదనము తప్పిన వంకర ముత్యమును పోర్చుగీసువారు పిలిచెడి మాటనుండి యీ పేరు పుట్టెనందురు. మొదట నది నింద; పిమ్మట బిరుదమైనది. రోమునగరమున బెర్నీని అను శిల్పి 1622-25 సంవత్సరములలో చెక్కిన అపోలో డాఫ్నీల విగ్రహమును చూడుడు. తఱుముకొని వచ్చిన దేవుని చేయి సోకినంతనే ఆ కన్య చెట్టుగా మాఱుచున్నది. వ్రేళ్ల కొనలయందు ఆకులు మొలచుచున్నవి. పాదములు నేలలో వేరూనుచున్నవి. కదలని చలువరాతిలో పరుగును భయమును నిలిపినా డా శిల్పి. కారవాజ్జియో అను చిత్రకారుడు చీకటిగదిలోనికి ఒక ప్రక్కనుండి వెలుగు పడినట్లు బొమ్మలు వ్రాసెను. చూచువారి మనస్సును ఒక్కసారిగా పట్టివేయవలెననుటయే ఈ కళ పట్టుదల. బంగారుపూత మితిమీఱిన ప్రార్థనామందిరములకన్న ఈ రెండే మాకు నచ్చినవి.

రాజులును ఈ రీతినే మెచ్చిరి. ఫ్రాన్సు రాజగు 14వ లూయీ వెర్సాయి మందిరమున 1678-84 సంవత్సరములలో కట్టించిన అద్దముల శాలలో 357 అద్దములు గలవు. ఆ రాజు 1668 ప్రాంతమున టావెర్నియే అను వర్తకునివలన కొన్న నీలివజ్రము మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలోనిదని పండితుల అభిప్రాయము. అది పలుమాఱులు కోతపడి, హోపు వజ్రమను పేర 1958 నుండి వాషింగ్టను ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు గని పులిచింతల జలాశయములో మునిగినది.

వజ్రము రాజుల ముచ్చట. గృహిణుల ముచ్చట వేఱు. అది గుడ్డ.

ఆ కాలమున మచిలీపట్టణపు రేవునుండి డచ్చి, ఇంగ్లీషు ఓడలలో అద్దకపు గుడ్డలు మూటలు మూటలుగా పోయెడివి. పూచిన మహావృక్షము నడుమ వ్రాసిన మంచపు దుప్పట్లు సంపన్నుల పడకటిండ్లకెక్కినవి. లండనులో పీప్స్ అను ఉద్యోగి 1663లో తన భార్య చదువుగది గోడలకు హిందూదేశపు అద్దకపు గుడ్డ కొన్నట్లు దినచర్యలో వ్రాసికొనెను.

ఉదికినను పోని రంగు నూలుగుడ్డపై నిలుపుట అప్పటి ఐరోపావారికి తెలియదు. మనవారు గుడ్డను కరక్కాయ రసమునను పాలలోను ముంచి యారవేసెడివారు. ఇనుపతుప్పు నానిన నీటితో కలముపట్టి నల్లని గీతలు తీసి, ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి, చిరివేరుతో కాచెడివారు. పటిక తగిలినచోటనే వేరురంగు ఎఱ్ఱగా నిలుచును; తక్కినచోట ఉదుకగా ఉదుకగా తెలుపగును. నీలి యెక్కవలసినచోటు విడిచి మిగిలినదంతయు మైనముతో కప్పెడివారు. ఒక్క గుడ్డకు వారములు పట్టును. వంటయింట పసుపుమరక వదల్చుటకు శ్రమపడిన మన మీ పనితనమును మెచ్చుటకు పండితులము కానక్కఱలేదు! పూలతీరుల నమూనాలు ఐరోపానుండియు వచ్చెడివి. వానిని చూచి మన పనివాండ్రు తమ చేతివాటమున మఱియొక పూవును పుట్టించిరి.

ఈ యందమే తగవులు తెచ్చినది. తమ పట్టు, ఉన్ని నేతలు చెడిపోవుచున్నవని అచ్చటి నేతగాండ్రు మొఱపెట్టగా, ఫ్రాన్సుప్రభుత్వము 1686లో ఈ గుడ్డలను నిషేధించెను. 1759 వఱకు ఆ నిషేధము తొలగలేదు. లండనులో 1719లో నేతగాండ్రు వీథులయందు అద్దకపు దుస్తులు తొడిగిన స్త్రీలపైబడి, ఒడలిమీది బట్టలు చించిరి. కడుపుమాడిన నేతగాని బాధ మాకు తెలియును. కాని తగవు వర్తకసంఘముతో నుండగా, దెబ్బ త్రోవను పోవు స్త్రీకేల? 1721 నాటి శాసనమును ఆమెనే దండించినది. నిషిద్ధమైన గుడ్డ ధరించినవారికి 5 పౌనుల జుల్మానా. హాలెండులో మాత్రము ఇట్టి నిషేధము లేదు. అచ్చటి హిండెలోపెను అను రేవుపట్టణపు స్త్రీల సంప్రదాయ వేషములో మన అద్దకపు పైయంగీ చేరిపోయినది.

కుర్దూ అను ఫ్రెంచి పాదిరి మన తీరపు అద్దకపు మర్మములను 1742లో లేఖగా వ్రాసి పంపెను. అది ఐరోపాలో అచ్చుపడినది. బెర్నీని పేరు నేడు బడిపిల్లలకును తెలియును. లండను ప్రదర్శనశాలలో అద్దముల వెనుక భద్రపఱచిన ఆ దుప్పట్లపై కలముపట్టినవారి పేర్లు లేవు.

ఇప్పుడు కృష్ణాతీరమున పెడనలో కొయ్య అచ్చులతో అద్దకము సాగుచున్నది. కలము పట్టెడి పని శ్రీకాళహస్తిలో నిలిచినది. మా నర్సీపట్టణమునకు చేరువనున్న ఏటికొప్పాకలోను, అంకుడుకఱ్ఱ బొమ్మలకు ఆకులు, గింజలు, వేళ్లనుండి తీసిన రంగులను లక్కలో కలిపి పూయుచున్నారు.